ఒక పుస్తకాన్ని పదకొండు చేసిన మనిషి

మొన్న బుధవారం నందిగామ నుంచి వచ్చిన బస్సు జగ్గయ్యపేటలో ఆగగానే కండక్టరు నన్ను పిలిచి, "కాలేజీ లైబ్రరీ సార్ పోయారండి, తెల్లారుజామున" అన్నాడు. టిక్కెట్ల కట్ట సర్దుకుంటూ బస్సెక్కి వెళ్లిపోయాడు. నా చంకలో వాక్యగ్రంథం, నా బైబిలు, ఉంది. ఎన్ని సమాధుల దగ్గర నిలబడి గొంతు చించుకున్నానో నాకే తెలీదు. ఆ పూట మాత్రం గ్రంథం తెరవడానికి చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే, సహోదరులారా, ఇది రాస్తున్నాను.

నాకు పాస్టరు అయ్యగారి పట్టా లేదు. మూడో తరగతితో బడి మానేసి, లేఖనాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నవాణ్ణి. వారమంతా పుస్తకాలు బైండు చేస్తాను, ఆదివారం బోధిస్తాను. పోయిన ఆ సార్ నందిగామలో కొత్తగా పెట్టిన చిన్న కాలేజీకి లైబ్రేరియన్. ఒకరోజు లావుపాటి అర్థశాస్త్రం పుస్తకం పట్టుకుని నా కొట్టుకు వచ్చారు. కొత్తది, ఇంకా జిగురు వాసన పోలేదు. దాన్ని విప్పాలన్నారు. కట్టడం నా పని, విప్పడం కాదన్నాను.

"కట్టేవాడికేనండీ విప్పడం తెలిసేది" అన్నారు.

సంగతేమిటంటే, పి.యు.సి. క్లాసులో నలభై మంది. పుస్తకం ఒక్కటి. కొనుక్కునే శక్తి ఎవరికీ లేదు. ఒకడు తీసుకెళితే మిగతావాళ్లు నెలంతా ఎదురుచూడాలి. అందుకని పాఠానికి పాఠం విడదీసి, దేనికది కుట్టి ఖాకీ అట్ట వెయ్యమన్నారు. ఆ పుస్తకం పదకొండయింది. తర్వాత చరిత్ర, ఆపైన రసాయనశాస్త్రం. నెలకోసారి సంచీలో సూదీ దారం వేసుకుని నేనే నందిగామ వెళ్లేవాణ్ణి.

ప్రతి సోమవారం ఆయన లెక్చరర్ల గదికి వెళ్లి, వచ్చే వారం ఏ పాఠం చెబుతారని అడిగేవారు. మొదట్లో వాళ్లకు మండింది. నా పాఠం సంగతి నీకెందుకని ఒకాయన ముఖం మీదే అన్నాడు. ఇంకొకాయన ఎగతాళిగా "కసాయి కొట్టు పెట్టారుగా సార్, ఇవాళ ఏ ముక్క?" అనేవాడు. ఈయన నవ్వి, పంక్తిలో చివర కూర్చున్నవాడికీ అందాలంటే ముక్కలు చెయ్యక తప్పదనేవారు. పాఠం మొదలయ్యే ముందే ఆ ఖాకీ పుస్తకాలు లైబ్రరీ బల్లమీద ఉండేవి. చదివి వచ్చిన పిల్లలు క్లాసులో ప్రశ్నలడగడం మొదలుపెట్టారు. ఎగతాళి చేసినాయనే చివరికి సోమవారం దాకా ఆగలేక శనివారమే వచ్చి, ఫలానా పాఠానికి ఇంకేమన్నా పుస్తకాలున్నాయా అని అడిగేవాడు. తన క్లాసు కోసం తనూ చదువుకోవాల్సి వస్తోందట.

నేనేం చేశానో వినండి. జగ్గయ్యపేటలో బహిరంగ కూడిక. ప్రభువు రొట్టెలు విరిచి జనసమూహాన్ని పోషించిన సంగతి మీద బోధిస్తున్నాను. నా గొంతు మీకు తెలుసు. ఆవేశం వచ్చేసింది. "నందిగామ కాలేజీలో ఒక మనిషున్నాడు, ఒక్క పుస్తకాన్ని విరిచి నలభై మందికి పెడుతున్నాడు. మీరేం విరిచారు? ఎవరికి పెట్టారు?" అని గర్జించాను. ఆయన్ని పొగిడాననే అనుకున్నాను. కూడిక వెనక వరసలో కాలేజీ కమిటీ మెంబరొకాయన నిలబడి ఉన్నాడని నాకేం తెలుసు?

వారం తిరక్కుండా తనిఖీ వచ్చింది. కాలేజీ ఆస్తిని చించి ముక్కలు చేశాడన్నారు. ఉద్యోగం నిలవాలంటే పుస్తకాలన్నీ మళ్లీ యథాప్రకారం ఒక్కటి చేయించి, అద్దాల బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. సంతకం పెట్టిన లెక్చరర్లకు తప్ప ఎవరికీ ఇవ్వకూడదు.

నా నోరే కొంప ముంచిందని చెప్పుకుందామని వెళ్లాను. ఏడుపు ఆగలేదు. ఆయన కుర్చీ నావైపు జరిపారు.

"మీరేం అబద్ధం చెప్పలేదుగదండీ. కూర్చోండి. సూది తెచ్చారా?"

తెచ్చాను. నేను విప్పినవన్నీ నా చేతులతోనే మళ్లీ కుట్టాను. మూడు రోజులు పట్టింది. ఆయన పక్కనే కూర్చుని పాఠాలు వరసలో అందించారు. కొన్ని పేజీల అంచుల్లో పిల్లలు పెన్సిలుతో రాసుకున్న ప్రశ్నలున్నాయి. చెరిపెయ్యమంటారా అని అడిగితే తల అడ్డంగా ఊపారు.

ఆ తర్వాత లెక్చరర్లు నోట్సు చెప్పడం మొదలుపెట్టారు. పిల్లలు రాసుకున్నారు, వల్లె వేశారు. సంతకం పెట్టి పుస్తకం తీసుకెళ్లే లెక్చరరు కూడా కరువయ్యాడు. ప్రశ్నలడిగేవాళ్లే లేనప్పుడు చదవడం ఎందుకన్నాడట ఆ పాత ఎగతాళి మనిషి. ఈయన కొన్నాళ్లు సోమవారాలు వెళ్లి అడిగారు, తర్వాత మానేశారు. కమిటీకి రెండు అర్జీలు పెట్టారు, జవాబు రాలేదు. నేను ప్రార్థన చేస్తున్నానంటే, "చెయ్యండి. మీ దేవుడు కమిటీలో మెంబరయినా బావుండేది" అన్నారు. ఆ మాటకు వాక్యం కోసం గ్రంథమంతా వెతికాను, దొరకలేదు. ఇప్పటికీ లేదు. బోధకుడు ఇలా రాయకూడదని కొందరంటారు. అననివ్వండి. నేను అడిగాను, తలుపు తెరుచుకోలేదు.

మొన్న మునేటి ఒడ్డున ఆయన దహనం అయ్యాక కాళ్లు కాలేజీ వైపే లాక్కెళ్లాయి. సార్ పోయినా కాలేజీకి సెలవివ్వలేదు. లైబ్రరీలో బీరువా ముందు ఓణీ వేసుకున్న ఒక అమ్మాయి మోకాళ్లమీద కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకుంటోంది. నాలో చచ్చిన ఆశ ఒకటి కదిలింది. ఏ పుస్తకం కావాలమ్మా అని అడిగాను.

"పుస్తకం వద్దండి. వ్యాసం చివర ఏమేం పుస్తకాలు చూశామో రాయాలంట. పేర్లుంటే చాలన్నారు సారు."

నేను కుట్టిన పుస్తకాల వీపుల మీద అక్షరాలు నిలువుగా ఉంటాయి. ఆ పిల్ల మెడ పక్కకు వాల్చి, అద్దంలోంచి ఒక్కొక్కటే కూడబలుక్కుంటోంది. గంట కొట్టారు. ఇంకా రెండు అరలు మిగిలి ఉన్నాయని గబగబా రాయడం మొదలుపెట్టింది.