చివరి వరుసలో ఖాళీ

నరసరావుపేటలోని మా ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చేది జాన్ సాహెబు. ఆయన పేర్చిన పేజీ గోడ కట్టినట్టు నాలుగువైపులా సమంగా ఉండాల్సిందే. చివరి వరుస పొట్టిగా వస్తే ఆయనకు అన్నం సహించదు. మా నాన్న హయాం నుంచీ ఉన్న మనిషి, నాకు పని నేర్పిందీ ఆయనే. కానీ పందొమ్మిది వందల ఎనభై ఏడు వచ్చేసరికి తప్పులు మొదలయ్యాయి. ఒక పెళ్లిపత్రికలో వరుడి పేరు మారిపోతే తిట్లు తిన్నది నేను. అసలే నాకు కోపమెక్కువ.

"బాబాయ్, నీ కళ్లు పోయినట్టున్నాయి. ఇంకొక్క తప్పొచ్చిందా, ఇంట్లో కూర్చోవాల్సిందే," అన్నాను.

అప్పుడే లెక్కల లెక్చరర్ ధనుంజయరావు గారు ఒక వింత పని తెచ్చారు. వరసగా వెయ్యిన్నీ ముప్పైయొక్క ఒకట్లు అచ్చువెయ్యాలట. అదంతా కలిపి ఒకే సంఖ్యట.

"ఇది ప్రధాన సంఖ్య అని కిందటేడే రుజువైంది. ఒకటితో, తనతో తప్ప దేంతో భాగించినా శేషం మిగులుతుంది. మా పిల్లలకు పంచుతాను," అన్నారు.

మా దగ్గర అన్ని ఒకట్లు ఎక్కడివి? సత్తెనపల్లి ప్రెస్సుల్లో అడిగి తెచ్చాం. జాన్ సాహెబు రెండు పూటల్లో పేర్చేశాడు. ధనుంజయరావు గారు ప్రూఫు మీద పెన్సిలు పెట్టి లెక్కపెట్టి మొహం చిట్లించారు.

"ఇరవై నాలుగు వరుసలు, వరుసకు నలభై మూడు. ఒకటి ఎక్కువైంది."

"చెప్పానా బాబాయ్!" అని అరిచాను.

"లెక్క తప్పలా బ్రహ్మయ్యా. కావాలనే పెట్టా. చివర ఒకటి తగ్గి, పన్ను ఊడినట్టు బోసిగా ఉంది. ఇన్నిట్లో ఒకటి ఎక్కువైతే ఏంది?"

ధనుంజయరావు గారు నవ్వలేదు. "వరుసలు సమంగా కుదిరాయి కాబట్టే ఇది విరిగిపోయింది, సాహెబు గారూ. మీ ఒక్క వరుసలోని ఒకట్లను ఒక సంఖ్యగా చూడండి. దాంతో ఈ మొత్తాన్ని భాగిస్తే ఏమీ మిగలదు. అసలు సంఖ్య ఎలా పేర్చినా సమానమైన వరుసలుగా కుదరదు. ఆ మూల బోసిగానే ఉండాలి."

జాన్ సాహెబు బొటనవేలితో చివరి వరుస తడిమి, కొసన ఉన్న ఒకటిని పీకేశాడు. దాని చోట అక్షరం లేని సీసం ముక్క దూర్చాడు. అది అచ్చులో పడదు గానీ, లేకపోతే వరుస వదులైపోతుంది. అంతసేపూ ఆయన చూపు వీధి గుమ్మం వైపే ఉంది.

నా కోపం చప్పున దిగిపోయింది. ఆ పని మొత్తం చేత్తో తడిమే చేశాడన్నమాట.

"నిజంగానే కనపడటంలేదా బాబాయ్?"

"ఏ అక్షరం ఏ గడిలో ఉందో చేతికి తెలుసు. కాగితం మీద మీరు రాసిచ్చిందే అలికినట్టుంటది. చెబితే ఇంటికి పొమ్మంటావని..."

నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను.

"రేపట్నుంచి కోటప్పకొండ తిరునాళ్ల కరపత్రాలున్నాయి. నేను చదువుతా, నువ్వు పేర్చు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"గట్టిగా చదువు నాయనా," అన్నాడు. "చెవులు కూడా చానా మందగించినయ్యి."