జాన్ వెంకటరత్నానికి ఒకటే పాసు

ఆ రోజుల్లో రెండు వంశాల మధ్య జరిగిన మహాయుద్ధం గురించి చెబుతాను, వినండి. నిజానికి యుద్ధమేమీ జరగలేదు. ఇద్దరు ముసలమ్మలు పద్దెనిమిదేళ్ళు మాట్లాడుకోలేదు, అంతే. (ఆ రోజులు కూడా మరీ పాతవి కావు, వాటి ఫొటోలు నా ఫోన్లోనే ఉన్నాయి.)

నాన్నది కొల్లిపర, హిందువుల ఇల్లు. అమ్మది రేపల్లె, లూథరన్ కుటుంబం. వాళ్ళ పెళ్ళికి నానమ్మా రాలేదు, అమ్మమ్మా రాలేదు. నేను పుట్టాక ఇద్దర్నీ మంచి చేసుకుందామని అమ్మానాన్నా తాతలిద్దరి పేర్లూ కలిపి నాకు జాన్ వెంకటరత్నం అని పెట్టారు. మొదటి సగానికి దేవుడు దయ చూపాడని అర్థం, రెండో సగానికి ఏడుకొండలవాడి రత్నమని. నా మార్కుల్లో ఆ రెండూ ఎక్కడా కనిపించలేదు. పెట్టేటప్పుడు వాళ్ళకి తట్టని సంగతేంటంటే, నానమ్మా అమ్మమ్మా మొగుడి పేరు నోటితో పలకని కాలం మనుషులు. దాంతో రోజూ తులసికి నీళ్ళు పోసే నానమ్మ నన్ను "ఒరేయ్ జాన్" అనేది. ఆదివారం చర్చి తప్పని అమ్మమ్మ "నాయనా వెంకటరత్నం, ప్రార్థన చేసుకున్నావా" అనేది.

బాపట్లలో డిగ్రీ చదువుతుండగా కడుపునొప్పి వస్తే తెనాలిలో ఒక ఆస్పత్రిలో చేర్చారు. అపెండిక్సు, సాయంత్రం ఆరింటికి ఆపరేషన్ అన్నారు. ఈలోపే నన్ను కళ్ళారా చూసుకోవాలని ముసలమ్మలిద్దరూ చెరో బస్సెక్కి వచ్చి, కౌంటరు దగ్గర ఒకేసారి తేలారు. నానమ్మ జాన్ కావాలంది. అమ్మమ్మ వెంకటరత్నం కావాలంది. కౌంటర్లో అమ్మాయి రిజిస్టరు చూసి, "ఇద్దరూ కలిపి ఒక్కరే ఉన్నారండి. పాసు కూడా ఒక్కటే" అని దాన్ని నానమ్మ చేతికిచ్చింది.

అమ్మమ్మ కదల్లేదట. (ఇది నాన్న చెప్పింది. ఆయన ధైర్యంగా స్తంభం వెనకాల నిలబడ్డాడు.) జాన్ తాత పోయాక ఆ పేరు వాళ్ళింట్లో ఎవరూ పలకలేదు.

"ఇన్నేళ్ళూ వాణ్ణి అలాగే పిలుస్తున్నారా వదినగారూ?"

"ఇంకేమని పిలవనండి? మీరు మా ఆయన పేరు పెట్టి వాణ్ణి తిడుతున్నారంటగా."

"తిట్టనండి. అన్నం తినమంటాను."

నానమ్మ పాసు అమ్మమ్మ చేతిలో పెట్టింది, మీరెళ్ళండని. ఆవిడ తిరిగి ఈవిడ చేతిలో పెట్టింది, మీరే వెళ్ళండని. ఇద్దరూ బెంచీ మీద కూర్చుని ఆ చీటీని అటూ ఇటూ మార్చుకుంటూ పద్దెనిమిదేళ్ళ కబుర్లు మొదలెట్టారు.

పైన మంచం మీద నేను ఆఖరి మాటలు తయారు చేసుకుంటున్నాను, ఇటు హిందువులకీ అటు క్రైస్తవులకీ సరిపోయేలా. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడంటే జాలీ నవ్వూ రెండూ వస్తాయి. ఆ ఆఖరి మాటలు వినడానికి ఎవరూ రాలేదు. పాసు ఐదింటి దాకే చెల్లుతుంది.