గడప దాటిన బూట్లు

మొన్న టెక్సస్‌లో, ఫ్రిస్కోలోని మా గరాజ్ గోడకు పగులు పూడుస్తుంటే తడి ప్లాస్టర్ వాసన తగిలింది. అంతే, డెబ్బైల చివర ఒహాయోలో మా అద్దె ఇల్లు, కిటికీ దాకా పేరుకున్న మంచు, మోకాళ్ల కింద తెల్లటి ప్లాస్టర్ కట్లతో సోఫాలో కూర్చుని, లోపల దురద పుడుతోంది, అల్లిక సూది ఇమ్మని అమ్మను వేధించే పదేళ్ల నేను, అన్నీ కళ్లముందుకొచ్చాయి.

నాకు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. పిక్కలు బిగుసుకుపోయి మునివేళ్ల మీద నడిచేవాణ్ణి. (డాక్టర్ని కాను, లైబ్రరీలో కూర్చుని నా కాళ్ల సంగతి నేనే చదువుకున్నాను.) వారం వారం కట్టు మార్చి పిక్కలు సాగదీశాక, మడమను కిందికి పట్టి ఉంచే, బూట్లుంటేనే నిలిచే ప్లాస్టిక్ బ్రేసులిచ్చి రోజంతా వేసుకోమన్నారు. పొద్దున్నే అమ్మ పోపు వాసనేసే చేతులతో నా పాదం పైకి వంచి నాచేత ముప్పై లెక్కపెట్టించేది. నేను మధ్యలో అయిదంకెలు మింగేసేవాణ్ణి.

అయినా మడమలు మళ్లీ లేచాయి. రాబోయే వేసవి సెలవుల్లో రెండు కాళ్లకీ ఆపరేషన్ అన్నారు డాక్టర్లు. అమ్మకు అన్నం సహించలేదు. అప్పుడు నా నడక చూసే థెరపిస్టు నన్నడిగింది, ఇంట్లో బ్రేసులు ఎన్ని గంటలుంటాయని.

"ఉండవు. షూస్‌తో పాటు డోర్ దగ్గరే తీసేస్తా."

అమ్మ మొహం పాలిపోయింది. "లోపల దేవుడున్నాడ్రా, విప్పు!" అనేది గుమ్మంలో నాన్న రోజూ అరిచే అరుపు. మాకు రోజంతా అంటే బడి ఉన్నంతసేపే. అంతకుముందు ఏడాదిగా నా కాళ్లు కొలిచిన అంతమంది పెద్దమనుషుల్లో ఒక్కడికైనా ఆ ప్రశ్న తట్టిందా? ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రమే అమ్మ కొత్త బూట్లు కొని, పెట్టెలోంచి తిన్నగా వంటింట్లోనే దింపి, పసుపు రాసి బొట్టు పెట్టింది.

"ఇవి వీధి మొహం చూడవు. తొడుక్కోరా."

"రేపు కారు టైర్లక్కూడా పసుపు రాసి హాల్లోకి తెస్తావా?" అన్నారు నాన్న.

"టైర్లకి మడమలున్నాయాండీ?"

నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆ ఉగాదికి మామిడికాయ దొరక్క పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ తరిగి చేసిన పచ్చడి గిన్నెను ఆ బూట్లతోనే దేవుడి అలమర దాకా నేనే మోసుకెళ్లాను. సగం కార్పెట్ మీదే నైవేద్యమైంది. వేసవికి కుడి మడమ నేలకు దిగింది. ఆపరేషన్ కత్తి ఎడమ కాలి మీదే పడింది.

ఇప్పుడు పిల్లలకు బిగుసుకున్న పిక్కను సడలించే ఇంజెక్షన్లున్నాయి, సంతోషం. నేను చేతికర్రతో ఎవరింటికెళ్లినా "పర్లేదంకుల్, షూస్‌తోనే రండి" అంటారు. గుమ్మంలో నాన్న అరుపు లేదు. గదిలోకి నడిచొస్తుంటే మొహం కంటే ముందు నా మడమలు చూసే అమ్మా లేదు.