ముత్తయ్య మామ సంతకం

మా ముత్తయ్య మామ చదవకుండా దేని మీదా సంతకం పెట్టడు. వినడానికి ఇది మంచి గుణంలాగే ఉంటుంది. వరసలో ఆయన వెనకాల నిలబడ్డవాళ్లని అడగండి, అసలు సంగతి చెబుతారు.

చదవడమంటే మనలా పైపైన చూసి పక్కన పడేయడం కాదు. మొదటి అక్షరం నుంచి అచ్చేసిన ప్రెస్సు పేరు దాకా పైకి చదవాలి, పక్కవాళ్లకి వినబడాలి. ఒకసారి హుజూర్‌నగర్ బస్సెక్కి, టికెట్ వెనకాల ఏముందో చదువుతూ దిగాల్సిన గరిడేపల్లి దాటిపోయాడు. తిరుగు బస్సెక్కాడు. ఆ టికెట్ కూడా చదివాడు. గరిడేపల్లి మళ్లీ దాటిపోయింది. ఓ ఇన్సూరెన్సు ఏజెంటు ఈయన సంతకం కోసం తిరిగి తిరిగి, విసిగిపోయి, ఆ పనే మానేసి టిఫిన్ సెంటర్ పెట్టుకున్నాడు. మామ అక్కడికీ వెళ్తాడు. బోర్డు మొత్తం చదివాకే ఇడ్లీ చెబుతాడు. అప్పటికి ఇడ్లీ అయిపోయి ఉంటుంది.

మామ మిర్యాలగూడ రైస్ మిల్లులో ముప్ఫై ఏళ్లు పనిచేసి, ఇప్పుడు సూర్యాపేటలో కొడుకు శ్రీను దగ్గర ఉంటున్నాడు. వాళ్లింటి కిందే నా జిరాక్స్ షాపు. కోడలు కళ్యాణిది కోదాడ. మనవరాలు నవ్యకి పన్నెండేళ్లు. నవ్యకి ఆటిజం. మిక్సీ మోగితే చెవులు మూసుకుంటుంది, మాటలు లెక్కపెట్టినట్టు మాట్లాడుతుంది. అచ్చులో ఉన్నది మాత్రం ఒకసారి చూస్తే మరిచిపోదు. ఈ లోకంలో ముత్తయ్య మామ చదువులో తప్పు పట్టగల మనిషి ఆమె ఒక్కతే.

"తాతా, కింద ఇంకో లైన్ ఉంది."

"అవు బిడ్డా, మర్శిన," అని మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటాడు. మిగతా జనం గతి ఏమిటో మీరే ఊహించుకోండి.

నవ్య వెళ్లే థెరపీ సెంటర్‌కి హైదరాబాద్ నుంచి జ్యోత్స్న అనే డాక్టరమ్మ వచ్చింది. ఆటిజం జన్యువుల్లో ఎక్కడినుంచి వస్తుందో పరిశోధన చేస్తున్నారట. తాత, తల్లిదండ్రులు, పిల్ల, అందరూ చిన్న గొట్టంలో కాస్త ఉమ్మి ఇవ్వాలి. దానికి పదకొండు పేజీల ఒప్పుకోలు పత్రం.

"ఉమ్మితే గూడ సంతకం పెట్టాల్నా!" అని మామ మొహం వెలిగిపోయింది. ఆ పత్రం పట్టుకుని మూడు రోజులు నా షాపు బల్ల మీదే కూర్చున్నాడు. గిరాకీ నిలబడే జాగా లేదు. నాకు ఒళ్లు మండింది.

"మామా, బల్ల నీకు కిరాయికి ఇయ్యలే నేను."

"ఆరో పాయింటు జర సూస్తున్న అల్లుడా."

"నిన్న గూడ ఆరో పాయింటే గద?"

"నిన్న సూసింది కండ్లద్దాలు లేకుంట."

ఆ సాయంత్రం కాపీల కోసం వచ్చిన కళ్యాణి మొహం వాడిపోయి ఉంది. "నవ్యకి ఫిట్స్ కూడా వస్తన్నాయి కదన్నా. దీంట్లో ఏమన్నా తెలిస్తే మంచిదేగా అనుకున్నా. కానీ అటు మా అమ్మ, ఇటు మిర్యాలగూడ పెద్దత్తమ్మ, ఇద్దరూ రోజూ ఫోన్లే. ఎవరి వైపునుంచి వచ్చిందో తేలిపోద్దంట. నా వైపని వస్తే ఈ ఇంట్లో నేను తలెత్తుకోగలనా అన్నా?" అంది. నేను కాపీలకి డబ్బులు తీసుకోలేదు, అంతే.

శాంపిల్ ఇచ్చే రోజు డాక్టరమ్మ అడిగిన కాపీలు ఇవ్వడానికి నేనూ సెంటర్‌కి వెళ్లాను. కోదాడ నుంచి కళ్యాణి తల్లి సుమతమ్మ, మిర్యాలగూడ నుంచి ముత్తయ్య మామ అక్క ఆండాలమ్మ, ఇద్దరూ టిఫిన్ డబ్బాలతో సహా దిగిపోయారు. పంచాయితీ తీర్పు వినడానికి వచ్చినట్టు ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో కళ్యాణి, పక్కన శ్రీను. మూలన చెవులకి హెడ్‌ఫోన్లతో నవ్య.

మామ చదవడం మొదలుపెట్టాడు. రెండో పేజీలోనే ఆగాడు.

"డాక్టరమ్మా, కారణం దొరికినంక ఏం జేస్తరు?"

"కొంతమంది పిల్లలకి ఫిట్స్ లాంటివి ఎందుకొస్తాయో తెలియొచ్చండీ. మందుకి దారి దొరకొచ్చు. దొరుకుతుందని మాట మాత్రం ఇవ్వలేను."

"మంచిదే. రేపు ఎవలన్న దీన్ని వట్టుకొని, గిసొంటి పిల్లలు పుట్టకుంటనే జేస్తె?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మేం చేసేది అది కాదు. కానీ రేపు ఇంకెవరు ఎలా వాడతారో నా చేతుల్లో లేదు. ఆ భయం నాకూ ఉంది," అంది.

"నిజం జెప్పినవ్, సంతోషం," అని మామ పేజీ తిప్పాడు.

"గవన్ని ఎందుకురా!" అంది ఆండాలమ్మ. "ఎవల దిక్కు నుంచి వచ్చిందో తేలితె సాలు."

"తేలనివ్వండి," అంది సుమతమ్మ. "మా వైపు ఏడు తరాలు చూసుకోండి. ఒక్కళ్లన్నా ఇట్లా ఉన్నారా?"

మామ ఆరో పాయింటు దగ్గరికి వచ్చాడు. "ఫలితం కుటుంబ సభ్యులకు తెలుపబడును అని ఉన్నదమ్మా. మా కుటుంబం మిర్యాలగూడ కాడికెల్లి కోదాడ దాక ఉన్నది. ఇది కొట్టేసి అమ్మానాయిన్లకే అని రాయి."

ముసలమ్మలిద్దరూ ఒక్కసారి గయ్యిమన్నారు. వాళ్లిద్దరి గొంతు కలవడం నేను చూడటం అదే మొదలు. మామ చల్లగా అక్క వైపు తిరిగాడు.

"అక్కా, చిన్నప్పుడు నేనెట్లుంటుంటి?"

"ఎట్లుంటవ్, గిట్లనే ఉంటివి! బజ్జీల పొట్లం విప్పి, బజ్జీలు ఇడిసిపెట్టి కాయితం సదివేటోనివి. డప్పు సప్పుడైతే గడమంచం కింద దూరేటోనివి. ఐదేండ్ల దాక మాటనే రాకపాయె. అమ్మ ఎంత పరేషాన్ అయిందో..."

అని ఠక్కున నోరు మూసుకుంది.

"ఇన్నవ్ గద డాక్టరమ్మా. రాసుకో. ఇది నా నుంచే వచ్చింది."

"అలా తేల్చలేమండీ," అంది డాక్టరమ్మ. "అయినా ఇది ఎవరి తప్పూ కాదు."

"తప్పని ఎవలన్నరమ్మా? నాది అంటున్న. నా మనుమరాలు నా తీరు వచ్చింది అంటున్న."

కళ్యాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. మూడు రోజులు నా బల్ల మీద ఆ మనిషి ఎవరికోసం కూర్చున్నాడో అప్పుడు తెలిసింది నాకు. కిరాయి మాట ఎత్తినందుకు సిగ్గేసింది.

తర్వాత మామ నవ్య దగ్గరికి వెళ్లాడు. "ఉమ్మి ఆమెది. ఆమెను అడగాలె." నవ్య ఒక చెవి మీది హెడ్‌ఫోన్ జరుపుకున్నాక పదకొండు పేజీలూ చదివి వినిపించాడు. నవ్య గొట్టం వైపు చూసింది.

"ఇయ్యాల వద్దు."

"ఇంత దూరం వచ్చి..." అని ఆండాలమ్మ అందుకోబోయింది. డాక్టరమ్మ మాత్రం గొట్టం సంచిలో పెట్టేసింది. "సరే నవ్యా. వచ్చే నెల మళ్లీ అడుగుతాను. అప్పుడూ వద్దనొచ్చు."

మరుసటి నెల డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి టిఫిన్ డబ్బాలు రాలేదు, అవి తెచ్చేవాళ్లూ రాలేదు. ఆరో పాయింటు దిద్దిన కొత్త పత్రాలు నేనే తీసుకెళ్లాను. నవ్య హెడ్‌ఫోన్లు తీసి, పత్రం చేతిలోకి తీసుకుని, పదకొండు పేజీలూ పైకి చదివింది. మామ కళ్లు మూసుకుని విన్నాడు. చివర పేజీ నంబరు కూడా చదివాక, "సరే" అని, నాలుగు గీతలు దిద్దినట్టు తన పేరు రాసి, పెన్ను తాత చేతికిచ్చింది.

ఇక గంట పడుతుందని నేను కుర్చీ లాక్కున్నాను. కూర్చునేలోపే మామ సంతకం పెట్టేశాడు.

"మామా! సదవలే గద!"

"నవ్య సదివింది గదరా," అన్నాడు.