కట్ట పాటకు వంత

మీకు బాగా నచ్చిన కథలో ఆడమనిషి ఏ పేజీలో చనిపోతుంది? చనిపోదంటారా, సరే. అయితే ఏ పేజీలో క్షమిస్తుంది?

నల్లగొండలో డిగ్రీ చదివే రోజుల్లో వక్తృత్వ పోటీల కోసం నేను ఈ విషయం మీద చాలా చదివాను, చాలా చూశాను. సినిమా హాల్లో ఆడవాళ్ల వైపు కూర్చుంటే చివరి రీలుకు ముందే ముక్కులు చీదే చప్పుడు మొదలయ్యేది. తప్పు భర్త చేసేవాడు, జబ్బు భార్యకు చేసేది. పద్యమైతే ఆమె నిప్పులోకి నడిచేది. చరిత్ర పాఠమైతే కొడుకును యుద్ధానికి పంపి పేరా చివరికల్లా కనిపించకుండా పోయేది. ఇదంతా త్యాగమని మా పంతుళ్లు చెప్పేవారు. త్యాగం కాదు, ఇంట్లో మిగతావాళ్లకు సౌకర్యమని నేను వేదిక మీద చెప్పేదాన్ని. నాకు రెండో బహుమతి కింద స్టీలు గిన్నె ఇచ్చేవారు. మొదటి బహుమతి గృహిణి ధర్మం గురించి మాట్లాడిన అబ్బాయికి వెళ్లేది.

మా ఊరికి ఇలాంటి కథ బయటి నుంచి తెచ్చుకోవలసిన అవసరం లేదు. మాది మర్రిగూడ వైపు మెట్ట ఊరు. పత్తి, కంది వేస్తారు. అక్కడి ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాళ్లను పళ్లు చూసి గుర్తుపట్టవచ్చు. బతుకమ్మ రోజుల్లో మా ఆడవాళ్లు కట్ట పాట పాడేవారు. చెరువు కట్టకు గండి పడుతుంది. చెరువును కాచే కట్టమైసమ్మ ఒక ఇంటి మామగారి కలలోకి వచ్చి చిన్న కోడలిని బలి అడుగుతుంది. మామ తనను అడిగిందేమో అని ఒక్కసారి కూడా అనుమానపడడు. కోడలు తలంటుకుని, పసుపు రాసుకుని, చంటిబిడ్డను అత్త చేతికిచ్చి గండిలోకి దిగుతుంది. కట్ట నిలుస్తుంది. పాట అయ్యాక అందరూ కళ్లు తుడుచుకుని సద్దులు పంచుకుని తింటారు.

ఎనభైల చివర్లో ఒక దసరాకు మా అక్క షాద్‌నగర్ దగ్గరి అత్తగారింటి నుంచి ఎడమ చేతికి కట్టుతో వచ్చింది. బావి దగ్గర జారిపడిందని బాపు ఊరందరికీ చెప్పాడు. మా ఊరి ఆడపిల్లలు అత్తగారి ఊళ్లలో తరచుగా జారిపడేవారు. కూర చల్లారిందని బావ చేయి మెలిపెట్టాడని అక్క అమ్మకూ నాకూ చెప్పింది.

“ఇగ నేను పోనే అమ్మా.”

“పండుగ కానీ బిడ్డా,” అంది అమ్మ.

పండుగ కాగానే బావ వచ్చి తీసుకుపోవాలని అప్పటికే మాటలైపోయాయి. అక్కను తప్ప అందరినీ అడిగారు.

సద్దుల బతుకమ్మ నాడు అక్క చప్పట్లు కొట్టలేకపోయింది. మా పెద్దమ్మ, అంటే బాపు అన్న భార్య, ఊళ్లో పాటలకు పెద్ద దిక్కు. “చెయ్యి వోతే ఏంది, నోరున్నది గద! నువ్వు చెప్పు, మేం అంటం,” అని అక్కను పాటకు నిలబెట్టింది. మా దగ్గర పద్ధతి ఇది: ఒకరు చెప్పిన చరణాన్ని మిగతా అందరూ అక్షరం పోకుండా తిరిగి అనాలి. మొదలుపెట్టిన పాటను నడుమ ఆపరాదు.

అక్క కట్ట పాట ఎత్తుకుంది. గండి పడింది, మామకు కల వచ్చింది. కోడలు కట్ట మీద నిలబడింది.

“కట్ట కట్టినోళ్లు ఉయ్యాలో, మీరే దిగుండ్రి ఉయ్యాలో.”

చప్పట్ల ఊపులో అందరూ అన్నారు.

“తల్లిగారింటికి ఉయ్యాలో, తొవ్వ నాకెరుక ఉయ్యాలో.”

అదీ అన్నారు. కోడలు బిడ్డను చంకనేసుకుని పొలిమేర దాటాక గానీ పెద్దమ్మకు తట్టలేదు.

“ఏందే! పాటను ఎటు తీస్కపోతున్నవ్?”

“తల్లిగారింటికి, పెద్దమ్మా.”

ఎవరో కిసుక్కున నవ్వారు. “మనం గూడ అంటిమి గదనే!” అని ఇంకెవరో నోరు నొక్కుకున్నారు.

తెల్లవారి ఊరి పెద్దమనిషి మా అరుగు మీదికి వచ్చాడు. పాట మార్చితే కట్ట తెగుతుందన్నాడు. చెరువులో అప్పటికి మేకలు మేస్తున్నాయి. ముందు రోజు బతుకమ్మలను కూడా వ్యవసాయ బావిలోనే వదిలారు.

“నీళ్లే లేవు గద తాతా, కట్ట ఎట్ల తెగుతది?” అన్నాను.

“అయితే వానలు రావు.”

“నిరుడు పాట సక్కగనే పాడిరి. వానలేవి మరి?”

ఆయన నిదానంగా ఆలోచించాడు. “నిరుడు ఎవరో రాగం తప్పిండ్రు.”



దసరా నాడు బావ వచ్చాడు. కడుపునిండా తిన్నాడు. చేయి కడుక్కున్నాక బాపుతో అన్నాడు: “బస్సు దిగంగనే ఛాయ్ హోటల్ కాడ అడుగుతున్నరు మామా, గండిల దిగేటోనివి నువ్వేనా అని. నా ఇజ్జత్ పోయింది. గా పాట మళ్ల పాడాలె, అందరి ముంగట. కోడలు నీళ్లల్ల దిగాలె. దిగినంకనే దీన్ని తీస్కపోత. లేకుంటే మీ పిల్లను మీరే ఉంచుకోండ్రి.”

బాపు పిలిపించిన పెద్దమనుషులకు ఇది న్యాయంగా తోచింది. చేయి సంగతి ఏమిటని నేను అడిగాను. అది ఇంటి సంగతి అన్నారు. పాట మాత్రం ఊరి సంగతి.

బాపు అక్క పక్కన కూర్చున్నాడు. “పాటనే గద బిడ్డా. జర పాడరాదు? నిన్నేం నిజంగ దిగుమంటలేరు గద.”

“దిగుమంటున్నరు బాపూ,” అంది అక్క. “పొద్దుమీకి బస్సుకు.”

బాపు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు గానీ మాట మార్చలేదు. అక్క లేచి వాకిట్లోకి నడిచింది.

ఆడవాళ్లను పిలిపించారు. మా వాకిట్లో వలయంగా నిలబడ్డారు. నడుమ పెట్టడానికి బతుకమ్మ లేదు కాబట్టి ఇత్తడి బిందె పెట్టారు. మగవాళ్లు అరుగు మీద కూర్చున్నారు. అక్క పాత పాటే, ఒక్క మాట మార్చకుండా మొదలుపెట్టింది. గండి పడింది. అందరూ అన్నారు. మామకు కల వచ్చింది. అదీ అన్నారు. పసుపు రాసుకుంది, బిడ్డను అత్తకు ఇచ్చింది.

“సిన్న కోడలు దిగెనె ఉయ్యాలో...”

ఎవరూ అనలేదు.

అక్క మళ్లీ చెప్పింది. బిందె చుట్టూ ఒక కోడి తిరుగుతోంది.

“అనుండ్రి!” అన్నాడు పెద్దమనిషి.

“గొంతు పట్టింది,” అంది పెద్దమ్మ.

“ఇప్పటిదాంక మంచిగనే ఉండె గద!”

“ఇప్పుడే పట్టింది.”

పక్కనున్నామె దగ్గింది. ఆ పక్కామె మెడ పట్టుకుని తల అడ్డంగా ఊపింది. రోగం వలయమంతా ఒక చుట్టు తిరిగి మా అమ్మ దగ్గరికి వచ్చింది.

“నువ్వన్న అనవే,” అన్నాడు బాపు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నాకు గూడ పట్టింది.”

బావ లేచి నిలబడ్డాడు. “ఇది పాడింది గద, ఇగ సాలదా?”

పెద్దమనిషి సంప్రదాయంలో రాజీపడే మనిషి కాదు. “సాలదు. వంత లేంది పాట ఎట్లయితది?”

“అంటే కోడలు దిగలేదన్నట్టా?”

“దిగలే,” అన్నాడు ఆయన, కొంచెం విచారంగా.

బావ తన మాట తానే పదిమందిలో అన్నాడు. వెనక్కి తీసుకుంటే ఇజ్జత్ పోతుంది. ఆ సాయంత్రం బస్సుకు ఒక్కడే వెళ్లాడు. మళ్లీ రాలేదు.

అక్క మా ఊళ్లోనే ఉండిపోయింది. చేయి కొంచెం వంకరగా అతికింది. తరువాత అంగన్‌వాడీలో పనికి కుదిరింది. కొన్నాళ్లకు పెద్దమ్మను అడిగాను, ఆ రోజు ఎందుకు అనలేదని. “గొంతు పట్టిందన్న గదనే,” అని ఆమె కందులు చెరుగుతూ కూర్చుంది. తొంభైల్లో చెరువు ఒకసారి నిండింది, నిండగానే తూము దగ్గర కట్ట తెగింది. మరమ్మతు చేసిన కాంట్రాక్టరు గట్టి మట్టికి బదులు ఇసుక పోయించాడని తవ్వినప్పుడు తేలింది. పెద్దమనిషి మాత్రం మా ఇంటి వైపే చూశాడు.

ఆ పాటను ఇప్పటికీ పాడుతున్నారు. అలాంటి సినిమాలు ఆడుతున్నాయి, నవలలు అచ్చవుతున్నాయి. రాసేవాళ్లను ఆపడం మీ వల్ల కాకపోవచ్చు. కానీ మీరు తిరిగి అనకపోతే వాళ్ల పాట పాట కాదు. కాబట్టి కోడలిని నీళ్లలోకి దింపే చరణం దగ్గర నోరు మూయండి. మీ ఇంట్లో పిల్లలకు ఆ కథ చెప్పకండి. హాల్లో ఆ సీనుకు లేచి బయటికి నడవండి. పెళ్లిళ్లలో, సభల్లో ఎవరైనా ఆమె త్యాగాన్ని పొగిడితే చప్పట్లు కొట్టకండి. ఒంటరిగా కాదు, పక్కవాళ్ల చేతులు కూడా పట్టుకుని ఆపండి.