బావ చెప్పిన వస్తాను

మా బావ కట్టుడు పళ్ళు చేస్తాడు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ నాటుతాడు. సగం ఊరి నవ్వు మా ఆయన చేతి చలవేనని మా అక్క గొప్పగా చెప్పుకుంటుంది. ఆ నవ్వే వాళ్ళలో ఒక్కరికీ మా బావ ఎవరో తెలియదు. పళ్ళు బాగా కుదిరితే డాక్టరుకి దండం పెడతారు, కుదరకపోతే డాక్టరు బావ మీద విరుచుకుపడతాడు. బావ కూర్చునేది ఆసుపత్రి వెనక మెట్ల కింద, ఒకే కిటికీ ఉన్న గదిలో. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద ప్లాస్టరు పొడి పేరుకుని, ఉన్న వయసు కంటే పెద్దవాడిలా కనిపిస్తాడు.

అలాంటి మనిషి ఒకరోజు తను చేసిన పళ్ళ సెట్టుని బల్ల మీద పెట్టి ఫొటో తీసి, నలుగురూ చేరే ఆ సైట్లో పెట్టాడు. ఇంట్లో మేం దాన్ని గోడ అనేవాళ్ళం. పొద్దున్నే ఫోను పట్టుకుంటే చాలు, "అప్పుడే గోడెక్కారా" అని అక్క వంటింట్లోంచే దెప్పేది. మనిషి లేకుండా పళ్ళొక్కటే ఇకిలిస్తున్న ఆ ఫొటోకి చుట్టాలు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఒక్కాయన మాత్రం నవ్వకుండా కింద రాశాడు: "ఒరే, కోరపన్ను కాస్త తిప్పి పెట్టు. మరీ వరసగా ఉంటే నోరు కాదు, కంచె అవుతుంది."

ఆయన బావకి చిన్నప్పుడు బళ్ళో బొమ్మలు నేర్పిన డ్రాయింగు మాస్టారు. రిటైరయ్యి, వేరే ఊళ్ళో కూతురి దగ్గర ఉంటున్నారు. బావ ఆ మాట పట్టుకుని తరవాతి సెట్టులో కోరపన్ను వెంట్రుకవాసి తిప్పి చూశాడు. నిజంగానే సొంత పళ్ళలా ఉన్నాయి. ఆ రోజు బావ మొహం చూడాలి, ఏదో బిరుదు ఇచ్చినట్టు వెలిగిపోయింది. అప్పటినుంచి ఏ సెట్టు చేసినా ముందు మాస్టారికి చూపించడం, ఆయన తప్పులు పట్టడం, బావ మురిసిపోవడం.

మాస్టారు కూడా రోజూ ఒక బొమ్మ పెట్టేవారు. నీళ్ళ చెంబు, గుమ్మంలో విడిచిన చెప్పులు, నిద్రపోతున్న కుక్క, కూతురి కళ్ళజోడు. వాటికి పెద్దగా ఎవరూ స్పందించేవారు కాదు. బావ మాత్రం తప్పకుండా లైకు కొట్టేవాడు. ఎలా కొట్టేవాడో నేను కళ్ళారా చూశాను. ఎడమచేత్తో పళ్ళకి మెరుగు పెడుతూ, కుడి బొటనవేలితో ఒక్కటి నొక్కి, ఫోను పక్కన పడేసేవాడు.

కొన్నేళ్ళు ఇలాగే గడిచాయి. పళ్ళ ఫొటోల కోసం ఎక్కిన గోడ మీద బావకి చుట్టాల గొడవలు, ఎవరివో పెళ్ళి ఫొటోలు, ముక్కూ మొహం తెలియని వాళ్ళ తగవులు అన్నీ కావలసి వచ్చాయి. ఒక మధ్యాహ్నం సెట్టు గట్టిపడటానికి మరిగే నీళ్ళలో పెట్టి, ఫోనులో పడి లోకం మరచిపోయాడు. నీళ్ళు ఇగిరిపోయాయి, సెట్టు బుడగలు బుడగలుగా పాడైంది. ఆ పళ్ళ కోసం ఎదురు చూస్తున్న ముసలావిడని డాక్టరు మళ్ళీ అచ్చుకి పిలవాల్సి వచ్చింది. డాక్టరు అందరి ముందూ బావని కడిగేశాడు. అదే గోడ మీద డాక్టరు భార్య కూడా ఉంది కాబట్టి సంగతి ఇంటికి బావ కంటే ముందే చేరింది.

"మీకు పళ్ళు ముఖ్యమా, గోడ ముఖ్యమా? ఏదో ఒకటి తేల్చుకోండి," అంది అక్క.

బావకి పౌరుషం వచ్చింది. అక్కడికక్కడే కూర్చుని, తెలిసిన వాళ్ళందరికీ వరసపెట్టి సెలవు చెప్పేశాడు. మాస్టారికి కూడా రాశాడు: "ఇక నేను వస్తాను మాస్టారూ." ఆ తరవాత గోడని ఫోనులోంచే పీకేశాడు. గుమ్మం దిగేటప్పుడు మనం వెళ్తానని చచ్చినా అనం కదా, వస్తామనే అంటాం. బావ కూడా అలాగే అన్నాడు. అందులో తప్పేముంది?

తప్పల్లా, అంతకుముందు రోజు మాస్టారు ఏం రాశారో బావ చదవకపోవడం.

గోడ దిగాక బావ బాగుపడ్డాడు. అన్నం వేడిగా తిన్నాడు, అక్క చెప్పేవి విన్నాడు. ఇంతలో బ్యాండులో బాకా ఊదే ఆయనకి పళ్ళు చేయాల్సి వచ్చింది. అది చాలా మెలకువ కావలసిన పని. పై పళ్ళు ఏమాత్రం అటూ ఇటూ అయినా గాలి పక్కనుంచి పోతుంది. బావ ఎన్నోసార్లు విప్పి, మళ్ళీ కట్టి, చివరికి సాధించాడు. అక్కకి చూపిస్తే తలెత్తకుండానే "బాగున్నాయండీ" అంది. నాకు చూపిస్తే "పళ్ళలాగే ఉన్నాయి బావా" అన్నాను. అంతకంటే ఏమనాలో నాకు నిజంగానే తెలియలేదు.

"ఒక్క ఫొటో పెట్టి దిగిపోతా," అని బావ మళ్ళీ గోడెక్కాడు.

కాసేపటికి నేను కూర్చునే జిరాక్సు షాపుకి వచ్చాడు. చేతికంటిన ప్లాస్టరు ఇంకా ఆరనేలేదు. ఫోను నా ముందు పెట్టి "చదువు" అన్నాడు.

పైన మాస్టారి మాట ఉంది: "నా పాత సెట్టు విరిగిందిరా. ఇక్కడి డాక్టరు కొత్తది కట్టిస్తానంటున్నాడు. కానీ నువ్వొకసారి వచ్చి చూసి, నీ చేత్తో కడితే పెట్టుకోవాలని ఉంది." సరిగ్గా దాని కిందే బావ మాట: "ఇక నేను వస్తాను మాస్టారూ."

ఆ కింద అన్నీ మాస్టారివే. ఎప్పుడు బయల్దేరుతున్నావని. ఇక్కడి డాక్టరుని వద్దన్నానని, మావాడొకడు వస్తున్నాడని చెప్పానని. పనిలో ఉన్నట్టున్నావు, నిదానంగానే రా అని. తరవాత ఏ మాటా లేదు, బొమ్మలే. ఆ రోజు పొద్దున పెట్టినది కూడా ఉంది, ఒక గ్లాసూ చెంచా.

మొదట నాకు నవ్వు రాబోయింది. బావ మొహం చూసి ఆపుకున్నాను.

"ఆయన ఇన్నాళ్ళూ పళ్ళు లేకుండా కూర్చున్నాడురా," అన్నాడు బావ. "పళ్ళు చేసేవాణ్ణి నేనుండీ."

అక్కకి అంతా చెప్పాం. విని మెల్లగా అంది. "నేను ఆ ఫోను వదలమన్నాను గానీ మనుషుల్ని వదలమన్నానా?" బావ సంచీ తనే సర్దింది. నన్నూ తోడు వెళ్ళమంది, ఒక్కరే అయితే మొహం చెల్లక సగం దారిలోంచి తిరిగొచ్చేస్తారని.

బస్సులో బావ దారి పొడుగునా ఏం చెప్పాలో వల్లె వేసుకున్నాడు. చదవకుండా జవాబు రాశానని చెప్పేస్తానన్నాడు. కాదు, ఒంట్లో బాగాలేదని చెబుతానన్నాడు. మళ్ళీ కాసేపటికి, అబద్ధమాడితే ఇంకా పాపం అన్నాడు. నా సలహా అడిగాడు గానీ వినలేదు.

తలుపు తీసింది మాస్టారి కూతురు. బావని ఎగాదిగా చూసింది.

"పళ్ళు కడతారన్నది మీరేనా? ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అని నాన్న ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదండీ. అన్నం మిక్సీలో వేసి ఇస్తున్నాను," అంది. విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేదని బావ తరవాత నాతో అన్నాడు.

మాస్టారు కిటికీ పక్కన బొమ్మలు వేసే అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. బావని చూడగానే పెదాలు గట్టిగా మూసుకున్నారు, బోసినోరు కనబడకుండా. అది చూసి బావ వల్లె వేసుకున్నదంతా మరిచిపోయాడు. వంగి ఆయన కాళ్ళ దగ్గరే కూలబడ్డాడు.

"మాస్టారూ, నేను వస్తానన్నది..."

"తెలుసులేరా," అన్నారు మాస్టారు. మాట గాలిలో తేలిపోతోంది, చెవి దగ్గర పెడితే గానీ వినపడటం లేదు. "నువ్వు సెలవు తీసుకున్నావని కొన్నాళ్ళకే అర్థమైంది. నేనూ తెలుగువాణ్ణే కదా. కానీ అప్పటికే మా అమ్మాయికి గొప్పగా చెప్పేశాను, నా శిష్యుడొస్తున్నాడని. రాడని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

కూతురు లోపల గిన్నెలు కడుగుతోంది. ఆయన అటు ఓసారి చూసి గొంతు ఇంకా తగ్గించారు.

"మరి బొమ్మలు పెడుతూనే ఉన్నారు కదా," అన్నాడు బావ.

"పెట్టకపోతే, నువ్వెప్పుడైనా తిరిగొచ్చినప్పుడు నేను లేననుకుంటావని."

బావకి ఇక దాచాలనిపించలేదు. "మీ బొమ్మలు నేను సరిగ్గా చూసేవాణ్ణి కూడా కాదు మాస్టారూ. ఉత్తినే నొక్కేవాణ్ణి."

"అదీ తెలుసు. పెట్టీ పెట్టగానే నొక్కేవాడివి. చెంబు మీద వెలుగు ఎటునుంచి పడిందో చూడ్డానికి అంత తక్కువ సేపు చాలదు." మాస్టారు అట్ట పక్కన పెట్టారు. "అయినా నొక్కడానికైనా నా పేరు దగ్గర ఒకసారి ఆగేవాడివి కదరా. నాకు అది చాలేది."

బావ తిట్లకి సిద్ధపడి వచ్చాడు. క్షమించమని అడుగుదామనుకున్నాడు. ఆయన తిట్టనూ లేదు, క్షమించానని అననూ లేదు. ఇక చేయగలిగింది పనొక్కటే. చేతులు రెండుసార్లు కడుక్కొచ్చి, ఆయన ఎదురుగా మోకాళ్ళ మీద నిలబడ్డాడు.

"ఏదీ, నోరు తెరవండి మాస్టారూ. పైకి చూడండి."

మాస్టారు సిగ్గుపడుతూనే నోరు తెరిచి, పైకప్పు వైపు చూశారు. విరిగిన సెట్టునే జిగురుతో అతికించుకుని కొన్నాళ్ళు పెట్టుకున్నట్టున్నారు, కింది చిగురు పొడుగునా ఒరుసుకుపోయి పుండు పడి ఉంది. బావ దాన్ని వేలితో తాకబోయి ఆగిపోయాడు. ఆయన నోరు తెరిచి ఉన్నంతసేపూ మాట్లాడలేరు, కిందికి చూడలేరు. బావ చప్పుడు కాకుండా ఏడుస్తూ, "ఇంకొంచెం తెరవండి, ఇంకొంచెంసేపు అలాగే ఉండండి," అంటూనే ఉన్నాడు.