వాకిట్లో పోసిన నీళ్ళు

మంచు కురిసి వెలిసిన పొద్దున, నేనింకా సగం కలలో ఉండగానే, వీధిలో ఎవరో పారతో ఫుట్‌పాత్ గీకుతున్న చప్పుడు వినిపిస్తుంది. కళ్ళు తెరవబుద్ధి కాదు. ఉద్యోగం, సొంత ఇల్లు అన్నీ కాసేపు మాయమై, కెనడాలోని ఒషావాలో బేస్‌మెంట్‌లో ఉండి చదువుకునే పిల్లనైపోతాను. పైన రాజ్యలక్ష్మి ఆంటీ అడుగులు వినిపిస్తున్నట్టే ఉంటుంది.

ఆంటీ మా ఇంటి ఓనరు. గుడివాడ నుంచి వచ్చి, కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయిన ఒంటరి మనిషి. కాలేజీలన్నీ మన పిల్లలతో కిటకిటలాడుతూ, గది దొరకడమే గగనమైన ఆ రోజుల్లో నన్నూ, వరంగల్ సౌమ్యనూ చేర్చుకుంది. మంచు పడిన ప్రతి పొద్దునా ఇంటి ముందు ఫుట్‌పాత్ గీకి, మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లి, ఈ చివర నుంచి ఆ చివరకు తానే ఓసారి నడిచి చూసేది. "బాట సిటీది కదా ఆంటీ, మీకెందుకీ చాకిరీ?" అన్నాను ఒకసారి. "బాట ఊరిదేనమ్మా. మన ఇంటి ముందు జారే కాలు మాత్రం మన పూచీ," అంది. నాకది పెద్దవాళ్ళ చాదస్తంలా తోచింది.

ఒక శుక్రవారం ఆవిడకు జ్వరం వచ్చింది. నేనేదో సాయం చేద్దామనుకున్నాను. కరీంనగర్‌లో మా అమ్మ శుక్రవారం వాకిలి కడగనిదే స్టవ్ వెలిగించదు. బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చి మెట్ల మీద కుమ్మరించాను. ఆవిరి పాలపొంగులా లేచి వీధిని కప్పేసింది. ఆ తెల్లదనంలో కాసేపు నేనెక్కడున్నానో నాకే తెలియలేదు, ఎంత హాయిగా ఉందో! తలుపు దగ్గర బియ్యప్పిండితో చిన్న ముగ్గు పెట్టి, సంబరంగా కాలేజీకి వెళ్ళిపోయాను. నీళ్ళు వాలులో పారి ఫుట్‌పాత్ మీద గడ్డకట్టాయి. పక్కవీధిలో ఉండే మార్గరెట్ గారు, స్కూలు బస్సు నడిపే ఆవిడ, దాని మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

సాయంత్రం ఆంటీ ముగ్గు వైపు చూసింది, నా వైపు చూసింది. జ్వరంతోనే ఉప్పు డబ్బా తీసుకుని బయటికి నడిచింది. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

కొన్నాళ్ళకు మార్గరెట్ గారి లాయరు నుంచి ఆంటీకి ఉత్తరం వచ్చింది. ఆ వెనకే ఇంటి ఇన్సూరెన్స్ మనిషి వస్తానని ఫోన్ చేశాడు. మార్గరెట్ గారు జారింది పైనుంచి పడ్డ మంచు మీదైతే అది సిటీ గొడవ. ఇంట్లోంచి పారిన నీళ్ళ మీదైతే ఇంటివాళ్ళ పూచీ. సౌమ్య నన్ను పక్కకు లాగింది. "మంచు అని చెప్తే అయిపోతది. నీ పేరు బయటికొస్తే స్టడీ పర్మిట్ పోతదేమో, ఎరికేనా? నోరు మూసుకో." చేయి నయమయ్యేదాకా మార్గరెట్ గారు బస్సు నడపలేదని నాకు తెలుసు. ఆ ఉత్తరంలో నా పేరు లేదనీ తెలుసు. సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, ఆ రెండో సంగతినే పట్టుకుని వేలాడాను.

ఇన్సూరెన్స్ ఆయన వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాడు. కిటికీ బయట మంచు ఏ తొందరా లేకుండా రాలుతోంది. అది మంచేనా, ఇంట్లోంచి నీళ్ళేమైనా వచ్చాయా అని ఇంగ్లిషులో అడిగాడు. "నీళ్ళే. మా ఇంట్లోవే," అంది ఆంటీ. ఎవరు పోశారన్నాడు. ఆవిడ టీ కప్పు తిప్పుతూ కూర్చుంది, నా వైపు చూడలేదు. "నేనే పోశాను," అన్నాను. ఆయన తలెత్తకుండా రాసుకుని, పేరు స్పెల్లింగు అడిగాడు. తర్వాత్తర్వాత మార్గరెట్ గారికి పరిహారం అందింది. నా పర్మిట్‌కు ఏమీ కాలేదు.

కానీ ఆ రోజు అవేవీ మాకు తెలియవు. ఆయన కారు మలుపు తిరిగాక ఆంటీ కప్పు కింద పెట్టింది.

"భయమేసిందా అమ్మాయ్?"

"మస్తు భయమైంది ఆంటీ."

"నాకూ వేసింది. నువ్వు చెప్పవేమోనని."

ఇప్పటికీ ఆఫీసులో ఏదైనా తప్పు జరిగి, ఎవరు చేశారని అడిగితే గదిలో ఎవరూ పెదవి విప్పరు. నా వల్ల జరిగినదైతే నాకూ భయమేస్తుంది. అంతలోనే ఆ వంటింట్లో ఆవిడ నా కోసం పడిన భయం గుర్తొస్తుంది. "నేనే," అంటాను.